సంగీత చికిత్స

సంగీత చికిత్స అనగా మనిషి మానసిక, శారీరక స్వస్థత కొరకు సంగీతాన్ని ఒక క్రమపద్ధతిలో వినియోగించే సహాయక చికిత్సా విధానం. పాట వినడం, పాడటం, వాద్యాన్ని వాయించడం, అప్పటికప్పుడు స్వరాలు కల్పించడం, విన్నదాని గురించి మాట్లాడుకోవడం ఇందులోని ప్రధాన అంశాలు. మానసిక ఒత్తిడిని తగ్గించడానికి, ఆందోళనను అదుపు చేయడానికి, దిగులుతో ఉన్న మనసుకు ఉత్సాహం కలిగించడానికి ఈ విధానం ఎక్కువగా వాడుకలో ఉంది.

శిక్షణ పొందిన చికిత్సకుని ఆధ్వర్యంలో, ఒక నిర్దిష్ట లక్ష్యంతో జరిగేదే అసలైన సంగీత చికిత్స. ఎవరికి వారు ఇంట్లో ఉపశమనం కోసం పాటలు వినడాన్ని చికిత్స అనడం కంటే సంగీత శ్రవణం అనడం సముచితం. రెండింటి వల్లా ప్రయోజనం ఉన్నదని పరిశోధనలు తెలుపుతున్నాయి. అయితే ఫలానా రాగం ఫలానా రోగాన్ని నయం చేస్తుందని చెప్పే పట్టికలకు శాస్త్రీయమైన ఆధారం లేదు. రాగం పేరు కంటే వినేవారి అభిరుచి, అలవాటు, ఆ సమయంలో వారి మనఃస్థితి ముఖ్యమైనవి. సంగీతం వైద్యానికి తోడుగా నిలుస్తుందే గాని వైద్యానికి బదులు కాదు.

చరిత్ర

ప్రాచీన కాలం

సంగీతానికి మనసును మార్చే శక్తి ఉన్నదనే నమ్మకం చాలా ప్రాచీనమైనది. గ్రీకు తత్వవేత్త ప్లేటో తన 'రిపబ్లిక్' గ్రంథంలో ఏ విధమైన సంగీతం మనుషుల స్వభావాన్ని ఎలా తీర్చిదిద్దుతుందో చర్చించాడు. ఆయన శిష్యుడు అరిస్టాటిల్ 'పాలిటిక్స్' గ్రంథంలో, ఉద్వేగాలు సంగీతం ద్వారా బయటపడి మనసు తేలిక పడటాన్ని వివరించాడు. బైబిలు పాత నిబంధనలో సౌలు రాజు మనోవ్యథను దావీదు తంత్రీవాద్యం వాయించి ఉపశమింపజేసిన కథ ఉన్నది.

భారతదేశంలో భరతుని నాట్యశాస్త్రం ఎనిమిది రసాలను పేర్కొని, స్వరాలకు రసాలకు గల సంబంధాన్ని చెప్పింది. శాంతాన్ని తొమ్మిదవ రసంగా తరువాతి కాలపు ఆలంకారికులు చేర్చారు. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవరాజుల ఆస్థానంలో ఉన్న శార్ఙ్గదేవుడు 'సంగీత రత్నాకరం' రచించాడు. అందులో స్వరాల చర్చకు ముందే మానవ శరీర నిర్మాణాన్ని, శరీరంలో నాదం పుట్టే తీరును వర్ణించడం విశేషం.

కర్ణాటక సంగీత త్రిమూర్తులలో ఒకరైన ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) తన శిష్యుని కడుపునొప్పి తగ్గడానికి అఠాణా రాగంలో 'బృహస్పతే' అనే కీర్తనను రచించి పాడించారని సంగీతజ్ఞుల ఐతిహ్యం. త్యాగరాజు (1767–1847) బిలహరి రాగ కీర్తన గురించి కూడా ఇటువంటి కథ ప్రచారంలో ఉంది. ఇవి గురుశిష్య పరంపరలో చెప్పుకునే కథలు. సంగీతంపై ఆ కాలపు వారికి గల విశ్వాసాన్ని ఇవి తెలుపుతాయి గాని, వీటిని వైద్య సాక్ష్యాలుగా పరిగణించలేము.

ఆధునిక కాలం

సంగీత చికిత్స ఒక వృత్తిగా రూపు దిద్దుకున్నది 20వ శతాబ్దంలో. రెండు ప్రపంచ యుద్ధాల కాలంలో గాయపడిన, మానసికంగా కుంగిపోయిన సైనికుల కోసం అమెరికా ఆసుపత్రులలో సంగీతకారులు కచేరీలు చేసేవారు. రోగులలో కనిపించిన మార్పు చూసి వైద్యులు వారి సేవలను కోరసాగారు. అయితే రోగులతో మెలగడానికి సంగీతజ్ఞానం ఒక్కటే చాలదనీ, ప్రత్యేక శిక్షణ అవసరమనీ త్వరలోనే తెలిసివచ్చింది. 1944లో మిషిగన్ స్టేట్ కళాశాలలో ఈ విషయంపై తొలి పట్టా కోర్సు ప్రారంభమైంది. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్రాన్ని అభివృద్ధి చేసిన ఇ. థేయర్ గాస్టన్‌ను అమెరికాలో సంగీత చికిత్సకు పితామహునిగా భావిస్తారు. 1950లో అమెరికాలో జాతీయ సంగీత చికిత్స సంఘం ఏర్పడింది. 1958లో బ్రిటన్‌లో జూలియట్ ఆల్విన్ ఇటువంటి సంస్థనే స్థాపించింది. పాల్ నార్డాఫ్, క్లైవ్ రాబిన్స్ 1959 నుండి వికలాంగ బాలలతో కలిసి పనిచేసి తమ పేరిట ఒక పద్ధతిని రూపొందించారు. 1985లో ప్రపంచ సంగీత చికిత్స సమాఖ్య ఏర్పడింది.

భారతదేశంలో ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసుడు కున్నక్కుడి వైద్యనాథన్ (1935–2008) చెన్నైలో రాగ పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పాడు. తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తంలో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) కూడా సంగీత చికిత్స పట్ల ప్రత్యేక శ్రద్ధ చూపారు. పుదుచ్చేరిలోని శ్రీ బాలాజీ విద్యాపీఠంలో వైద్యకళాశాలకు అనుబంధంగా సంగీత చికిత్సలో బోధన, పరిశోధన జరుగుతున్నాయి.

ఒత్తిడి సమయంలో శరీరంలో జరిగే మార్పులు

సంగీతం ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ముందుగా ఒత్తిడి అంటే ఏమిటో తెలియాలి. ఏదైనా ఆపద ఎదురైనట్లు మెదడు భావించగానే సహానుభూత నాడీవ్యవస్థ మేల్కొంటుంది. అధివృక్క గ్రంథులు అడ్రినలిన్‌ను విడుదల చేస్తాయి. గుండె వేగం, రక్తపోటు, శ్వాస వేగం పెరుగుతాయి, కండరాలు బిగుసుకుంటాయి. కొద్ది నిమిషాలలో హైపోథాలమస్, పీయూష గ్రంథుల ఆదేశం మేరకు కార్టిసాల్ అనే హార్మోను కూడా రక్తంలో పెరుగుతుంది.

ఎదురుగా పాము కనిపించినప్పుడు ఈ ఏర్పాటు ప్రాణాన్ని కాపాడుతుంది. ఆపద తొలగిన తరువాత సహానుభూత పర నాడీవ్యవస్థ శరీరాన్ని తిరిగి విశ్రాంతి స్థితికి తెస్తుంది. కాని పరీక్షలు, అప్పులు, ఉద్యోగ సమస్యలు, ఇంటి కలతలు వంటివి ఒక పూటతో ముగిసేవి కావు. శరీరం రోజుల తరబడి అప్రమత్తంగానే ఉండిపోతుంది. దీని వలన నిద్రలేమి, తలనొప్పి, అజీర్తి, చిరాకు, ఏకాగ్రత లోపం కలుగుతాయి. దీర్ఘకాలంలో గుండె జబ్బులకు, మానసిక కుంగుబాటుకు కూడా ఇది దారితీయవచ్చు.

సంగీతం పనిచేసే విధానం

సంగీత ప్రభావం ముఖ్యంగా మూడు మార్గాలలో కలుగుతుంది.

మొదటిది లయ. శ్వాస, గుండె వేగం కొంతవరకు వింటున్న సంగీతపు నడకను అనుసరిస్తాయి. ఇటలీ పరిశోధకుడు లూసియానో బెర్నార్డి బృందం 2006లో 24 మందికి ఆరు రకాల సంగీతం వినిపించి పరిశీలించింది. వాటిలో భారతీయ రాగం కూడా ఒకటి. సంగీతం ఏ శైలికి చెందినదైనా, గతి వేగంగా ఉన్నప్పుడు శ్వాస వేగం, రక్తపోటు పెరిగాయి. అన్నిటికంటె ఆసక్తికరమైన విషయం ఏమిటంటే, మధ్యలో రెండు నిమిషాలు సంగీతాన్ని ఆపినప్పుడు వినేవారి శరీరం, వినడానికి ముందు ఉన్నదానికంటే ఎక్కువ విశ్రాంతి స్థితికి చేరుకుంది. పాట తరువాత కలిగే నిశ్శబ్దం కూడా ఉపశమనంలో భాగమేనని దీనివల్ల తెలుస్తోంది.

రెండవది మెదడులోని ఆనంద కేంద్రాలు. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఎంతో ఇష్టమైన సంగీతం విని ఒళ్ళు పులకరించే సమయంలో మెదడులో డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుంది. ఆ పులకరింత రాబోతున్నదని ఎదురుచూసే క్షణాలలో కూడా, మెదడులోని మరొక భాగంలో ఇది విడుదలవుతుంది. బాగా తెలిసిన పాటలో ఇష్టమైన చరణం కోసం మనసు ఎదురుచూడటానికి కారణం ఇదే కావచ్చు. ఈ అధ్యయనంలో పాల్గొన్నవారు తమకు నచ్చిన సంగీతాన్ని తామే ఎంచుకున్నారన్నది గమనించదగిన విషయం.

మూడవది ధ్యాస మళ్ళడం. ఆందోళనలో ఉన్న మనసు ఒకే ఆలోచన చుట్టూ తిరుగుతుంది. స్వరం, సాహిత్యం, తాళం ధ్యాసను తమవైపు లాగి ఆ ఆలోచనకు విరామం ఇస్తాయి. పాట జ్ఞప్తికి తెచ్చే పాత సంగతులు, మనుషులు, ప్రదేశాలు కూడా మనసుపై పనిచేస్తాయి.

రాగాలు - రసాలు

నీలాంబరి నిద్రకు, జోలపాటలకు తగినదనీ, ముఖారి, శుభపంతువరాళి శోకానికీ, శహన కరుణకూ, మోహన, బిలహరి ఆనందానికీ అనువైనవనీ సంప్రదాయంలో చెప్తారు. హిందుస్తానీ సంప్రదాయంలో భైరవ్ ఉదయానికి, యమన్ సాయంకాలానికి, దర్బారీ రాత్రికి చెందినవి.

ఈ భావాలు రాగంలోనే ఉన్నాయా, లేక వినేవారి అలవాటు వల్ల కలుగుతాయా అన్నది చాలాకాలంగా చర్చలో ఉంది. 1999లో బాల్క్‌విల్, థామ్సన్ అనే పరిశోధకులు హిందుస్తానీ రాగాలతో పరిచయం లేని పాశ్చాత్య శ్రోతలకు వాటిని వినిపించారు. ఆనందం, దుఃఖం, కోపం తెలిపే రాగాలను శ్రోతలు చాలావరకు సరిగానే పోల్చుకోగలిగారు గాని, శాంతాన్ని తెలిపే రాగాలను అంతగా పోల్చుకోలేకపోయారు. అనగా కొన్ని భావాలు గతి, స్థాయి, నాదగుణాల వల్ల ఎవరికైనా తెలుస్తాయి, కొన్నింటికి ఆ సంస్కృతితో పరిచయం కావాలి. కర్ణాటక సంగీతం వినే అలవాటు లేనివారికి చౌక కాలంలో సాగే రాగాలాపన విసుగు కలిగించవచ్చు. అటువంటి వారికి చిన్నప్పుడు విన్న సినిమా పాటే ఎక్కువ శాంతినివ్వవచ్చు.

పరిశోధనలు

సంగీత ప్రభావాన్ని తెలుసుకోవడానికి, పాల్గొనేవారిని చీటీలు తీసినట్లు జట్లుగా విడదీసి పోల్చిచూసే పరీక్షలు ఎన్నో జరిగాయి. వాటిలో ముఖ్యమైన ఫలితాలు కొన్ని:

• ఒత్తిడి: 2020లో ప్రచురితమైన ఒక సమీక్ష 104 పరీక్షలను, 9,617 మందిని పరిగణించి, సంగీతం వల్ల ఒత్తిడి లక్షణాలు కొద్దిగా మొదలు ఒక మోస్తరు వరకు తగ్గుతాయని తేల్చింది.
• శస్త్రచికిత్స: 2015లో 'లాన్సెట్' పత్రికలో వచ్చిన సమీక్ష 73 పరీక్షలను పరిశీలించింది. సంగీతం విన్నవారిలో శస్త్రచికిత్స తరువాతి నొప్పి, ఆందోళన, నొప్పి మందుల వాడకం తగ్గాయి.
• కుంగుబాటు: ఫిన్లాండ్‌లో 79 మందిపై జరిపి 2011లో ప్రచురించిన పరీక్షలో, మామూలు వైద్యంతో పాటు సంగీత చికిత్స పొందినవారికి మూడు నెలల తరువాత ఎక్కువ మేలు కనిపించింది. ఆరు నెలల తరువాత ఈ తేడా అంత స్పష్టంగా నిలవలేదు. 2017లో కాక్రేన్ సంస్థ తొమ్మిది అధ్యయనాలను సమీక్షించి, మామూలు వైద్యానికి సంగీత చికిత్సను జోడించడం స్వల్పకాలంలో మేలు చేస్తుందని తెలిపింది.
• పక్షవాతం: 2008లో ఫిన్లాండ్ పరిశోధకులు ప్రచురించిన మరొక అధ్యయనంలో, రెండు నెలల పాటు తమకు నచ్చిన సంగీతాన్ని రోజూ విన్న రోగులలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత మెరుగయ్యాయి, దిగులు తగ్గింది.

ఫలితాలన్నీ ఒకే విధంగా లేవు. 2013లో 60 మంది ఆరోగ్యవంతులైన స్త్రీలపై జరిపిన ఒక ప్రయోగంలో, ఒత్తిడికి ముందు ప్రశాంత సంగీతం విన్నవారి నాడీవ్యవస్థ త్వరగా కుదుటపడింది. అయితే కార్టిసాల్ తక్కువగా కనిపించింది మాత్రం సంగీతం విన్నవారిలో కాదు, పారే నీటి సవ్వడి విన్నవారిలో. 1993లో వెలువడిన ఒక అధ్యయనం ఆధారంగా, మొజార్ట్ సంగీతం వింటే తెలివితేటలు పెరుగుతాయన్న ప్రచారం ప్రపంచమంతా జరిగింది. నిజానికి ఆ అధ్యయనంలో కనిపించినది 10–15 నిమిషాలు మాత్రమే నిలిచే స్వల్ప ప్రభావం. మనసు ఉల్లాసంగా, చురుకుగా ఉండటమే దానికి కారణమని తరువాతి పరిశోధనలు సూచించాయి.

పద్ధతులు

శ్రవణ పద్ధతిలో రోగి సంగీతాన్ని విని, కలిగిన భావాలను చికిత్సకునితో పంచుకుంటాడు. క్రియాత్మక పద్ధతిలో రోగే పాడతాడు లేదా వాయిస్తాడు. ఇందుకు సంగీతజ్ఞానం అవసరం లేదు. మాటలలో చెప్పుకోలేని బాధను కొందరు డప్పు మీదనో, వెదురు వాద్యం మీదనో వ్యక్తం చేయగలుగుతారు.

అమెరికా వైద్యుడు ఐరా ఆల్ట్‌షూలర్ 1940లలో ప్రతిపాదించిన 'సమస్థితి సూత్రం' ఈ రంగంలో ప్రసిద్ధమైనది. దీని ప్రకారం ముందుగా రోగి ఉన్న మనఃస్థితికి సరిపోయే సంగీతాన్నే వినిపించాలి. తరువాత క్రమక్రమంగా కోరుకున్న స్థితి వైపు సంగీతాన్ని మార్చుకుంటూ వెళ్ళాలి. దుఃఖంలో ఉన్నవారికి ఒక్కసారిగా హుషారు పాట వినిపిస్తే అది పరాయిగా తోచి చిరాకు కలిగించవచ్చు. పలకరించడానికి వెళ్ళినవారు ముందు పక్కన కూర్చుని, ఆ తరువాత మెల్లగా మాట కలపడం వంటిదే ఈ పద్ధతి.

తెలుగునాట సంగీతం, జనజీవనం

సంగీత చికిత్స అనే మాట పుట్టక ముందే తెలుగువారు పాటను శ్రమ తెలియకుండా ఉండేందుకు వాడుకున్నారు. పసిపిల్లలకు జోలపాటలు, వడ్లు దంచేటప్పుడు దంపుళ్ళ పాటలు, వరినాట్లలో నాట్ల పాటలు, నదులపై పడవ పాటలు ఉండేవి. ఒకే రోటిలో ఇద్దరు ముగ్గురు రోకళ్ళు వేసేటప్పుడు పాటే వారి పోటుకు తాళమై ప్రమాదం జరగకుండా చూసేది. అత్తింటి కష్టాలను, పుట్టింటి బెంగను నేరుగా చెప్పుకోలేని స్త్రీలు పాటలలో చెప్పుకున్నారు.

భజన మండళ్ళలో ఒకరు పాడగా మిగిలినవారు అందుకుంటారు. కోలాటంలో, చెక్కభజనలో పాటకు అడుగు తోడవుతుంది. తెలంగాణలో తొమ్మిది రోజుల బతుకమ్మ పండుగలో స్త్రీలు వలయాకారంగా తిరుగుతూ చప్పట్లతో పాడతారు. నలుగురూ కలిసి పాడేటప్పుడు శ్వాస, కదలిక ఒకే లయలోకి వస్తాయి. నిడివిగా పాడినప్పుడు ఊపిరి నెమ్మదిగా బయటకు వెళ్ళి శరీరం విశ్రాంతి వైపు మళ్ళుతుంది. ఒంటరితనం తగ్గడం దీనికి తోడైన మరొక ప్రయోజనం. 2020 మార్చిలో కరోనా కారణంగా ఇళ్ళకే పరిమితమైన ఇటలీ ప్రజలు తమ బాల్కనీలలో నిలబడి కలిసి పాడటం ఈ అవసరాన్ని ప్రపంచానికి మరోసారి గుర్తుచేసింది.

దైనందిన జీవితంలో సంగీతం

స్వయంగా ఉపశమనం కోరేవారు ఈ క్రింది విషయాలను పాటించవచ్చు.

• సొంతంగా నచ్చిన సంగీతాన్నే ఎంచుకోవాలి. ఇతరులకు పనిచేసినది తమకు పనిచేయకపోవచ్చు.
• ప్రశాంతత కొరకు నెమ్మదిగా సాగే, శబ్దంలో ఆకస్మిక హెచ్చుతగ్గులు లేని సంగీతం మంచిది. విశ్రాంతిగా ఉన్న గుండె వేగానికి దగ్గరగా, నిమిషానికి 60–80 దెబ్బల నడక ఉన్నవాటిని సాధారణంగా ఎంచుకుంటారు. వేణువు, వీణ నాదం, తంబురా శ్రుతి చాలామందికి నచ్చుతాయి.
• మనఃస్థితికి దగ్గరగా ఉన్న పాటతో మొదలుపెట్టి, నాలుగైదు పాటలలో ఉల్లాసం వైపు వెళ్ళేలా వరుస కూర్చుకోవచ్చు.
• వేరే పనులు పక్కనబెట్టి ఇరవై ముప్పై నిమిషాలు వినాలి. ముగిసిన తరువాత కొద్దిసేపు మౌనంగా కూర్చోవాలి.
• విషాద గీతం విన్నాక మనసు తేలికపడితే మంచిదే. విన్నకొద్దీ అదే బాధ తిరగదోడుతుంటే ఆ పాటను ఆపడం అవసరం.
• వినడంతో ఆగక పాడటం, కూనిరాగం తీయడం, ఏదైనా వాద్యం నేర్చుకోవడం మరింత మేలు.

విద్యార్థులు పరీక్షల సమయంలో చదువుకు ముందు, చదువుల మధ్య విరామంలో సంగీతం వినడం మంచిది. చదివేటప్పుడు మాటలున్న పాటలు వింటే, పాటలోని మాటలకు, పుస్తకంలోని మాటలకు మెదడులో పోటీ ఏర్పడి చదివినది సరిగా నిలవదు.

పరిమితులు, జాగ్రత్తలు

సంగీతం అందరికీ ఒకే విధంగా పనిచేయదు. ఒక పాట ఒకరికి ఆనందాన్ని, మరొకరికి చేదు జ్ఞాపకాన్ని కలిగించవచ్చు. చాలా అరుదుగా కొందరిలో సంగీతం మూర్ఛను ప్రేరేపిస్తుంది. చెవిలో పెట్టుకునే పరికరాలతో పెద్ద శబ్దంతో వినడం వినికిడికి హాని చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం 80 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటల వరకు వినవచ్చు. 90 డెసిబెల్స్ అయితే వారానికి నాలుగు గంటలకు మించరాదు.

అన్నిటికంటె ముఖ్యమైన జాగ్రత్త వైద్యానికి సంబంధించినది. రెండు వారాలకు మించి దిగులు వీడకపోవడం, నిద్ర, ఆకలి తగ్గిపోవడం, ఇష్టమైన పాట మీద కూడా ఆసక్తి పోవడం కుంగుబాటు వ్యాధి లక్షణాలు కావచ్చు. ఇటువంటప్పుడు పాటలు వింటే అదే పోతుందని ఊరుకోకుండా వైద్యుని సంప్రదించాలి. వాడుతున్న మందులను సంగీతంపై నమ్మకంతో మానరాదు. ఆత్మహత్య ఆలోచనలు వస్తే వెంటనే ఆత్మీయులకు చెప్పి సహాయం పొందాలి. భారత ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో పగలు, రాత్రి ఉచితంగా లభిస్తుంది. ఇందులో తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఇవి కూడా చూడండి

• కర్ణాటక సంగీతం
• రాగము
• నవరసాలు
• జానపద గేయాలు
• మానసిక ఒత్తిడి